ఏడ్పునకు రాగము

తెలంగాణపు పల్లెలలో నెవరైన గతించినపుడు ఆడువారు "రాగము తీసి" యేడ్చిరందురు. "శోకములు పెట్టి"రనియు నందురు. ఈ రెండు మాటలను నిలిచి చూచినవారు తక్కువ. రాగమన్నది సంగీతశాస్త్రపు మాట. శోకమన్నది అలంకారశాస్త్రపు మాట. కరుణరసమునకు అదియే స్థాయిభావము. చదువురాని జనులు ఈ రెంటిని తెచ్చి పీనుగు ప్రక్కన కూర్చున్న ముసలిదాని నోట పెట్టినారు. చదువుకొన్న మనము మాత్రము ఆ యేడ్పును సంగీతములోనికిని రానీయలేదు, సాహిత్యములోనికిని రానీయలేదు.

ఒకప్పుడు దేవరకొండ ప్రాంతమున ఒక పల్లెకు చావు పలుకరింపునకు వెళ్లియుంటిని. పోయినవాడు నా విద్యార్థి తండ్రి. అతని తల్లి, డెబ్బది యేండ్లకు పైబడినది, వాకిట కూర్చుండి యేడ్చుచుండెను. నాతో వచ్చిన మరియొక ఉపాధ్యాయుడు చెవిలో "ఇంత గట్టిగా నేడ్చుట నాగరకత కాదండీ" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. అప్పటికి నా మనస్సు వేరొకచోట నుండెను. ఆమె పిలుపు పై షడ్జమునకు దాపున నెత్తుకొని, కొడుకును వరుసపెట్టి పిలిచి, అక్కడినుండి మెట్టు మెట్టుగా దిగి క్రిందికి వచ్చుచుండెను. దిగినచోట ఊపిరి తెగి వెక్కు వచ్చును. మరల పిలుపు పైనుండియే. మాటలు మారుచుండెను గాని ఆ దిగుడు మారుట లేదు. మొదట కొడుకు గుణములు చెప్పినది; పిదప తన్నెవరి పాలు చేసి పోయితివని నిలదీసినది; ఆ పిదప దేవుని తిట్టినది; తుదకు తిట్టినందులకు తానే లెంపలు వేసికొన్నది. చుట్టునున్న ఆడువారు ఒక్కొక్కరే వచ్చి ఆమె మెడను కౌగిలించుకొని, ఆమె దిగిన మెట్లమీదనే తామును దిగుచుండిరి.

ఈ నడకను నేను మునుపొకచోట వినియుంటిని. అది నల్లగొండ కాదు, హిందూదేశమును కాదు. ఇటలీలోని మాంతువా పట్టణము. కాలము క్రీస్తుశకము 1608.

చదువరులలో పాశ్చాత్యసంగీతముతో పరిచయము లేనివారికొరకు కొంత చెప్పవలసియున్నది. "మాడ్రిగల్" అన్నది పదునారవ శతాబ్దిలో ఇటలీలో వర్ధిల్లిన గేయజాతి. దేశభాషలో నొక చిన్న కవితను తీసికొని నలుగురైదుగురు గాయకులు ఒక్కొక్కరు ఒక్కొక్క వరుసను పట్టి ఏకకాలమున పాడుదురు. మన పాటలో ఒక స్వరము వెనుక ఒక స్వరము నడచును; వారి పాటలో స్వరములు ఒకదానిపై నొకటి నిలుచును. అట్లు నిలిచినపుడు కొన్ని పొందును, కొన్ని పొసగవు. పొసగని వానిని ఎక్కడ, ఎట్లు వాడవలెనో వారి శాస్త్రకారులు కట్టుదిట్టములు చేసినారు. మన శార్ఙ్గదేవుడు వాది రాజు, సంవాది మంత్రి, అనువాది భృత్యుడు, వివాది శత్రువు అని చెప్పినాడు. అది వేరు సందర్భము; ఐనను వారి భయమును మనకు తెలుపుటకు ఆ యుపమానము చాలును. శత్రువును కోటలోనికి రానీయవచ్చును గాని ముందుగా వర్తమానము పంపి, చేతులు కట్టి రానీయవలెను.

క్లాడియో మోంతెవెర్దీ యనువాడు శత్రువును వర్తమానము లేకయే కోటలోనికి తెచ్చినాడు. అతడు 1567లో క్రెమోనాలో పుట్టి, మాంతువా నేలిన గొంజాగా ప్రభువుల కొలువులో నుండెను. బొలోన్యా పట్టణపు శాస్త్రవేత్త ఆర్తూసీ 1600లో నొక గ్రంథమును ప్రకటించి, ఇతని మాడ్రిగల్లులలోని పొసగని స్వరములను ఎత్తిచూపి నిందించెను. మోంతెవెర్దీ తన యైదవ మాడ్రిగల్ సంపుటపు (1605) పీఠికలో క్లుప్తముగా బదులు చెప్పెను. 1607లో అతని తమ్ముడు దానిని విస్తరించి వివరించెను. వారి వాదమంతయు నొక్కమాటలో నున్నది. మాట యజమానురాలు, స్వరము దాసి. దుఃఖము చెప్పు మాట వచ్చినపుడు స్వరము నొచ్చుకొనవలెను గాని నియమము చూచుకొనరాదు. ఆర్తూసీని మూర్ఖుడని నవ్వుట ఇప్పుడు తేలిక. నాకు మాత్రము అతనిపై కొంత జాలి కలదు. వ్యాకరణము చెప్పి బ్రతుకు నాబోటివాడు అతడు. తప్పు తప్పే గదా యన్నాడు. ఆ తప్పునుండియే అంతవరకు పాటకు లేని గొంతు పుట్టుచున్నదని అతనికి తోచలేదు.

ఇక 1608. ప్రభుకుమారుని వివాహము. ఉత్సవమునకై "అరియాన్న" యను సంగీతనాటకమును మోంతెవెర్దీ కూర్చవలసివచ్చెను, రచయిత రినుచ్చీని. కథ గ్రీకుల పురాణములోనిది. తన్ను నమ్మి తండ్రిని, దేశమును విడిచి వచ్చిన రాజకుమార్తెను థీసియస్ అను వీరుడు నాక్సోస్ ద్వీపమున నిదురలో విడిచి ఓడనెక్కి పోవును. ఆమె మేల్కాంచి ఒంటరిగా సముద్రము నొడ్డున నేడ్చును. మన చదువరులకు అడవిలో నలుడు విడిచిపోయిన దమయంతి జ్ఞప్తికి రావచ్చును.

ఈ పాటను కూర్చునాటికి మోంతెవెర్దీ భార్య క్లాడియా చనిపోయి యేడాది కాలేదు. ఆమె 1607 సెప్టెంబరులో మరణించెను. ఆ పాత్రను ధరింపవలసిన కాతెరీనా మార్తినెల్లీ యను బాలగాయని అతని యింటనే పెరిగి విద్య నేర్చినది. నాటకమునకు ముందే, 1608 మార్చిలో, ఆమెయు మశూచితో పోయెను. ఆమెకు అప్పటికి పదునెనిమిదేండ్లు. వేరొక నటి, వర్జీనియా ఆంద్రెయీనీ, ఆ పాత్రను పట్టినది. మే నెలలో ప్రదర్శనము జరిగెను. ఆ యేడ్పు పాటను విని సభలోని స్త్రీలలో కంట తడిపెట్టనివారు లేరని నాటి యుత్సవవృత్తాంతము వ్రాసినవారు చెప్పినారు. పెండ్లిపందిటిలో ఇంతమంది నేడిపించుటకు ఆ ప్రభువులు ఎట్లొప్పుకొనిరో యని నాకొక చిన్న ఆశ్చర్యము.

ఆ పాట తనను చావనిమ్మను మాటతో నెత్తుకొనును. స్వరము కొంచెమే పైకి లేచి, అక్కడ నొక్కక్షణము నొచ్చి, వెంటనే క్రిందికి జారును. అంతియే, పది పన్నెండు స్వరములు. కాని ఆ లేచుటలో నొక ప్రయత్నమును, జారుటలో ఆ ప్రయత్నము విరిగిపోవుటయు వినబడును. తరువాత ఆమె ప్రియుని పేరుపెట్టి పిలుచును, వెనుకకు రమ్మనును, తానెవరి కూతురో చెప్పుకొనును. జవాబు రాదు. అప్పుడు ఆమెకు కోపము వచ్చును. గాలులను, సుడిగుండములను, తిమింగిలములను పిలిచి అతని ఓడను ముంచుడనును. పాట ఇక్కడ పరుగెత్తును, గొంతు పైకి పోవును. ఆ వెంటనే ఆమె బెదరిపోయి, ఆ మాటలు తన నాలుక అన్నవే గాని తన హృదయము అన్నవి కావని వెనుకకు తీసికొనును. దేవరకొండ దారిలోని ముసలమ్మ లెంపలు వేసికొన్నట్లే.

ఈ మలుపును పాశ్చాత్యులు ఒక కవి నేర్పుగా చెప్పుకొందురు. తెలుగువారికి అది కవి నేర్పు మాత్రమే కాదు. అదే శతాబ్దిలో, గోలకొండ చెరసాలలో, మనవాడొకడు ఇదే త్రోవను నడచినాడు. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న, అక్కన్న మాదన్నల మేనల్లుడు, భద్రాచలములో శ్రీరామునకు గుడి కట్టించుటకు సర్కారు సొమ్ము వెచ్చించినాడని చెరబడినాడు. 1672 మొదలు 1687 వరకు నేలిన తానాషా కాలమది. పండ్రెండేండ్లు చెరలో నుండెనని జనశ్రుతి. అతడు చెరలో పాడినవని సంప్రదాయము చెప్పు కీర్తనలలో నొకదానియందు రామునికి, సీతకు, తమ్ములకు తాను చేయించిన నగల పేరులును, వానికైన మొహరీల లెక్కయు అప్పులవాని ముందర చిట్టా విప్పినట్లు విప్పును. ఎవని సొమ్మని కులుకుచున్నావని స్వామినే గద్దించును. ఆ గద్దింపు పితృపితామహులవరకు పోవును. పోయి, తుదిచరణమున చప్పున చల్లారును. తాను ఆడిన పరుషములకు నొచ్చుకొనవలదనియు, ఒంటిపై పడిన దెబ్బలు తనచేత నట్లు పలికించినవనియు మన్నింపు వేడును.

అరియాన్న తన నాలుకపై నెపము పెట్టినది. గోపన్న దెబ్బలపై నెపము పెట్టినాడు. ఒకరి సంగతి యొకరికి తెలియదు. వీరిద్దరిలో గోపన్నయే నాకు ఎక్కువ సత్యముగా తోచును. అరియాన్న శాపములో పురాణపు అలంకారము కొంత మిగిలియున్నది. గోపన్న శోకములో లెక్కలున్నవి. సంసారములో నలిగినవాని దుఃఖము ఎల్లప్పుడును కొంత లెక్కలతో కలిసియే యుండును. మా పల్లెలో ఆ తల్లియు, కొడుకు బావి త్రవ్వించుటకై చేసిన అప్పును రాగములోనే చెప్పినది.

ఇప్పుడు మన శాస్త్రమేమన్నదో చూతము. ఇది చూచుటకు దూరము పోనక్కరలేదు. నల్లగొండ సీమలోని రాచకొండ, ఇప్పటి విభాగములో యాదాద్రి భువనగిరి జిల్లాలోనిది, పదునాలుగవ శతాబ్దిలో రేచెర్ల పద్మనాయకుల రాజధాని. సున్నము లేక పెద్దబండలను పేర్చి కట్టిన గోడలు ఆ గుట్టలపై నేటికిని నిలిచియున్నవి. ఆ వంశమున సర్వజ్ఞ బిరుదము వహించిన సింగభూపాలుడు సంస్కృతమున "రసార్ణవసుధాకరము" అను నాట్యాలంకారగ్రంథమును రచించినాడు. శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరమునకు "సంగీతసుధాకర" మను వ్యాఖ్యయు ఈ రాజు పేరిటనే యున్నది. అడయారు గ్రంథాలయమువారు దానిని కల్లినాథుని వ్యాఖ్యతో కూడ కలిపి ముద్రించినారు. ఒకే చేయి రసమును గూర్చియు, స్వరమును గూర్చియు వ్రాయుట ఎల్లచోట్ల దొరకునది కాదు. మన పాఠశాలల పిల్లలు రాచకొండకు వనభోజనమునకు పోయి వచ్చెదరు. ఈ మాట వారికి చెప్పువారు లేరు.

శార్ఙ్గదేవుడు, భరతుని ననుసరించి, ఏ రసమునకు ఏ స్వరమో చెప్పినాడు. వీరాద్భుతరౌద్రములకు షడ్జ ఋషభములు, హాస్యశృంగారములకు మధ్యమ పంచమములు, బీభత్సభయానకములకు ధైవతము. కరుణకు గాంధార నిషాదములు. ఈ పట్టికను నేను చాలకాలము నమ్మలేదు. ఏ స్వరమును తనంతట తాను ఏడ్వదు. కరుణరాగమని పేరుపడిన దానిలో పెండ్లిపాట వినవచ్చును. అయినను గాంధార నిషాదములను శాస్త్రకారులు ఏరుకొనుటలో నొక గ్రహింపు కలదు. ఇవి రెండును షడ్జ పంచమములవలె స్థిరముగా నిలుచునవి కావు. గమకములో ఊగునవి, ప్రక్క స్వరముల వైపు ఒరగునవి. దుఃఖితుని గొంతు నిలువదు గనుక నిలువని స్వరములే దానికి చెల్లును. మోంతెవెర్దీ పొసగని స్వరముతో చేసిన పనిని మనవారు ఊగెడు స్వరముతో చేసినారు.

రసార్ణవసుధాకరములో మరియొక విచారము కలదు. విప్రలంభశృంగారము నాలుగు తెరగులు: పూర్వానురాగము, మానము, ప్రవాసము, కరుణము. ఎడబాటున్నను తిరిగి కలియుదుమను ఆశ మిగిలియున్నంతవరకు అది శృంగారమే, స్థాయి రతియే. ఆశ తెగిననాడు రతి శోకమగును, శృంగారము కరుణమగును. ఈ గీటును చేతబట్టుకొని అరియాన్న పాటను వినినచో అది ఎంత కష్టమైన పాటయో తెలియును. ఆమె చావనిమ్మన్నపుడు శోకము; పేరుపెట్టి పిలిచినపుడు రతి; శపించినపుడు క్రోధము; వెనుకకు తీసికొన్నపుడు మరల రతి. ఆశ తెగినదా లేదా యన్నది ఆమెకే తెలియదు. పాట ఆ గీటుమీదనే నిలిచియున్నది. రాచకొండ రాజు ఈ పాటను వినియుండినచో దీనినే గూటిలో నుంచెడివాడో!

1614లో మోంతెవెర్దీ తన యారవ సంపుటమున ఈ ఒంటిగొంతు పాటనే ఐదుగొంతుల మాడ్రిగల్లుగా తిరిగి కూర్చి ప్రకటించినాడు. ఆ సంపుటముననే చనిపోయిన కాతెరీనా సమాధివద్ద ప్రియుని కన్నీరను భావముతో మరియొక గేయమాలికయు నున్నది. ఒక్క ఆడుదాని యేడ్పును ఐదుగురు, అందులో మగవారును, కలిసి పాడుట యేమని నేను మొదట విసుగుకొంటిని. నాటకమున నున్న సత్యము ఇందు పోయినదనిపించెను. ఆ పల్లెవాకిటనే నాకు ఆ విసుగు వదలినది. మెడలు కౌగిలించుకొని ఆ తల్లితోపాటు దిగుచున్న ఆడువారు ఆమె దుఃఖమును తీసికొనుట లేదు, పంచుకొనుటయు లేదు. ఎవరి చచ్చినవారిని వారు తలచుకొని యేడ్చుచున్నారు. ఒక్కొక్కరి గొంతు ఒక్కొక్కచోట నుండెను. అప్పుడప్పుడు పొసగకుండెను. ఆర్తూసీ అక్కడ నుండినచో ఎన్నియో తప్పులు పట్టెడివాడు.

మోంతెవెర్దీ వెనిసులో నుండగా 1638లో వెలువరించిన ఎనిమిదవ సంపుటములోని "వనదేవత విలాపము" ఇంకను దగ్గరిది. అందు మంద్రవాద్యము నాలుగే స్వరములను దిగుచుండును. మన లెక్కలో స, ని, ద, ప అనుకొనవచ్చును. పాట ముగియువరకు అవే నాలుగు మెట్లు మరల మరల. దానిపై ఆ స్త్రీ తన యిష్టము వచ్చినచోట ఎత్తుకొని, ఇష్టము వచ్చినచోట ఆగి యేడ్చును. ప్రక్కన ముగ్గురు మగవారు మెల్లగా అయ్యో పాపమనుచుందురు. ముద్రించిన ప్రతిలో మోంతెవెర్దీ ఒక సూచన చేర్చినాడు: మగవారు తాళమున పాడవలెను, ఆమె చేతి తాళమును గాక మనోభావపు నడకను అనుసరించి పాడవలెను. మన శాస్త్రములో నిబద్ధము, అనిబద్ధము అని రెండు కలవు. తాళమునకు కట్టుబడినది యొకటి, కట్టుబడనిది యొకటి. రెంటిని ఒకేచోట, ఒకదానిపై నొకటి నడపినాడు ఆయన. శోకించువానికి లోకము తాళము తప్పక నడచుచున్నట్లే తోచును. తానొక్కడే తాళమునుండి జారినవాడు.

మన పదకర్త క్షేత్రయ్య వీరికి దాదాపు సమకాలికుడు. ఆయన గోలకొండ పాదుషా సన్నిధిని వేయిన్నూట యేబదియో, రెండువేలో కాదు, వేయిన్నేనూరు పదములు పాడెనని ఒక పదములోనే లెక్క యున్నది. విప్రలంభమున ఆయన పదములను మించినవి తెలుగులో లేవు. ఆ పదములను మూడు శతాబ్దులు గొంతులో నిలిపినవారు దేవదాసీలు, కలావంతులు. వారి జీవనమును సంస్కరింపబూనినవారు, 1947 నాటి మద్రాసు శాసనమువరకు, చేసిన పని యవసరమైనదే. దానితో పాటు ఎందరి నోట నున్న పాటయో మూగవోయినది. ఈ విషయము వేరొక వ్యాసమునకు తగినంత కలదు.

అరియాన్న నాటకము నేడు లేదు. మాటలు ముద్రణములో మిగిలినవి. సంగీతమంతయు పోయినది, ఈ యొక్క యేడ్పు తప్ప. జనులు దానిని వ్రాసికొన్నారు, ఇండ్లలో పాడుకొన్నారు. 1623లో వెనిసులో అచ్చయినది. 1641లో మోంతెవెర్దీ దానికే లాటిను మాటలు పెట్టి, కొడుకును పోగొట్టుకొన్న మరియమాత విలాపముగా మార్చినాడు. పెండ్లికి కట్టిన నాటకములోని పెండ్లి యంతయు మాసిపోయి ఏడ్పు మిగిలినది.

మన వైపున ఏడ్పు మిగులుటకు ఏర్పాటు లేదు. బిరుదురాజు రామరాజుగారు 1958లో ప్రకటించిన "తెలుగు జానపదగేయ సాహిత్యము" మొదలుగా పల్లెపాటలు చాల అచ్చయినవి. మాటలు అచ్చయినవి. స్వరము అచ్చుకాలేదు. శోకములలోనైతే మాటలకంటె ఆ దిగుడే ముఖ్యము. పాలమూరు వలసకూలీలు దేశమంతట కట్టలు కట్టుటకు పోయి దూరదేశముల చనిపోయినపుడు, వారి తల్లులు ఏ మెట్లమీద దిగి యేడ్చిరో యెవరు వ్రాసినారు? ఆ జిల్లాలోని గౌరారములో పుట్టిన గోరటి వెంకన్నగారు పల్లె కన్నీరు పెట్టుటను గూర్చి కట్టిన పాట తెలుగుదేశమంతట మ్రోగినది. 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును ఆయన "వల్లంకి తాళము" పొందినది. ఆయన గొంతులోని ఆ దీర్ఘపు పిలుపును, దాని జారుడును విన్నవారికి అది ఏ వాకిటినుండి వచ్చినదో చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి నేను విన్నదానిని స్వరములలో వ్రాయబూనితిని. నిషాదమువరకు సాగినది. గాంధారమువద్ద ఆగిపోయితిని. హార్మోనియముపై నల్లమెట్టు నొక్కిన తగ్గుచున్నది, తెల్లమెట్టు నొక్కిన హెచ్చుచున్నది. రెంటి నడుమ ఎక్కడనో ఆమె యేడ్చినది. నెలమాసికము గడచిన తరువాత మరల ఆ పల్లెకు పోయితిని. కొంతసేపు పిల్లవాని చదువు సంగతి మాటలాడి, తుదకు సిగ్గు విడిచి, నాటి రాగమును ఇంకొకసారి వినిపింపుమని అవ్వను అడిగి ఫోను ముందర పెట్టితిని. ఆమె నన్ను కొంతసేపు చూచి, "ఊకె ఏడ్వుమంటె ఏడుపెట్లొస్తది సారూ? ఇంకెవరన్న పోయినప్పుడు రాండ్రి" అన్నది. కోడలు చాయ తెచ్చియిచ్చెను. త్రాగి, బస్సు వేళకు లేచి వచ్చితిని.